కాళ్లకు రక్తం సరిగా వెళ్లట్లేదంటే ఎంఆర్ఐ తీయించాలా, డాప్లర్ సరిపోతుందా?

పొందూరు_చిన్నోడు
మా నాన్నకి 66 ఏళ్లు. షుగర్ పాతది, చుట్ట దానికన్నా పాతది. సంత నుంచి ఇంటికి వచ్చేలోపు పిక్కలు పట్టేసి మధ్యలో ఆగిపోతున్నాడు, కాసేపు నిలబడితే తగ్గుతుంది, మళ్లీ నడుస్తాడు, మళ్లీ పట్టేస్తుంది. కుడికాలు మరీ ఎక్కువ. ఇన్నాళ్లూ ఊళ్లో ఆర్ఎంపీ బలం మాత్రలు, నొప్పి మాత్రలు ఇస్తూ వచ్చాడు. ఇప్పుడు శ్రీకాకుళంలో చూపిస్తే కాలికి రక్తం సరిగా అందట్లేదేమో అని చీటీ మీద డాప్లర్ (నాళంలో రక్తం ఎలా పారుతోందో చూసే స్కానింగ్ అట) అని రాశారు. మా బావేమో (హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ప్రపంచంలో అన్నీ ఆయనకే తెలుసు) డాప్లర్ ఎందుకురా, డైరెక్టుగా ఎంఆర్ఐ తీయించెయ్, అందులో అన్నీ తేలిపోతాయి అంటున్నాడు. స్కానింగ్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఏ భాగానికి అన్నారు, కాలికి అన్నాను, "కాల్లో ఏటి చూడాలండీ" అన్నారు. అక్కడ ఆగిపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి, డబ్బులు పోయినా పర్లేదు గానీ ఆయన్ని పట్టుకుని ఊరికే తిప్పలేను.

గంటస్తంభం
మీ బావ చెప్పిందే కరెక్ట్. చిన్న టెస్టులన్నీ చేయించి చివరికి అదే రాస్తారు, ఆ డబ్బులేవో ముందే దాని మీద పెట్టండి. ఎంఆర్ఐని మించింది ఏముంది?

సిరిమాను_రాజు
అవును, చెవులు హోరెత్తించడంలో దాన్ని మించింది లేదు. మా చిన్నాన్న లోపల పడుకుని పైడితల్లి జాతర డప్పులు మొదలయ్యాయనుకున్నాడట.

ఎక్స్‌రే_మావయ్య
నేను డాక్టర్ని కాను, టెక్నీషియన్ని. స్కానింగ్ గదిలోనే జుట్టు నెరిసింది కాబట్టి నాకు తెలిసింది చెబుతున్నా.

ఆ సెంటర్ వాళ్లు అడిగింది మంచి ప్రశ్నే చిన్నోడూ. మామూలుగా కాలికి ఎంఆర్ఐ అంటే కండ, ఎముక, మోకాలి గుజ్జు, లిగమెంట్లు చూస్తారు. రక్తనాళం ఎక్కడ సన్నబడింది, ఎక్కడ మూసుకుంది అన్నది అందులో సరిగా తేలదు. దానికి తీసేది ఎంఆర్ యాంజియో, అది వేరే. చేతి నరంలోకి, నాళాలు బొమ్మలో మెరిసేలా చేసే గాడోలినియం మందు ఎక్కించి, అది బొడ్డు దగ్గర నుంచి పాదం దాకా దిగుతుంటే టేబుల్ కూడా దాని వెంటే జరుగుతూ పొట్ట, తొడలు, పిక్కలు అని వంతులవారీగా తీస్తారు. కదలకుండా పడుకోవాలి. చీటీ మీద వట్టి ఎంఆర్ఐ అని ఉంటే మోకాలు తీసి పంపించేస్తారు, డబ్బులు కట్టాక మీకు మిగిలేది మోకాలి బొమ్మ.

అది కూడా మొదటి టెస్టు కాదు. మొదట ఏబీఐ, తర్వాత డాప్లర్. యాంజియో దేనికంటే, బెలూన్‌తో నాళం తెరవాలా, బైపాస్ చేసి పక్క నుంచి కొత్త దారి కుట్టాలా అని సర్జన్ ఆలోచించేటప్పుడు దారి మ్యాపు కావాలి, దానికి. మీ డాక్టర్ గారు సరైన వరసలోనే వెళ్తున్నారు.

పొందూరు_చిన్నోడు
ఏబీఐ అంటే ఏటి మావయ్యా? ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

బొబ్బిలి_వీణ
నేను చెప్తాను, మా అమ్మకి చేసినప్పుడు పక్కనే ఉన్నాను. బీపీ చూసే పట్టీనే, రెండు చేతులకీ కట్టి చూస్తారు, ఆ తర్వాత చీలమండ పైన కడతారు. పాదం మీద జెల్ రాసి పెన్సిలంత పుల్ల పెడితే చిన్న స్పీకర్లోంచి ష్షు... ష్షు... అని నాడి వినిపిస్తుంది. గాలి ఎక్కిస్తే శబ్దం ఆగిపోతుంది, మెల్లగా వదులుతుంటే మళ్లీ ఎక్కడ మొదలైతే అది కాలి బీపీ. మా అమ్మ కుడి పాదంలో ఆ శబ్దం దొరకడానికే ఆ అమ్మాయి చాలాసేపు వెతికింది, దొరికాక కూడా గొంతు పట్టేసినట్టు వచ్చింది. కాలి బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 1 దగ్గర ఉంటే బాగున్నట్టు, 0.90 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే కాలికి రక్తం తగ్గినట్టు. సూది లేదు, మెషిన్లోకి దూరడం లేదు.

గంటస్తంభం
బీపీ మెషిన్‌తో నాళం ఎక్కడ మూసుకుందో తెలుస్తుందా? తెలీదు కదా. మరి?

బొబ్బిలి_వీణ
ఎక్కడ అన్నది తర్వాత సంగతి. అసలు ఉందా లేదా అన్నది ముందు.

టెక్కలి_టీచర్
అసలు ఉందా లేదా అన్నది నిజంగానే తేల్చుకోండి బాబూ. నాకూ నడిస్తే కాళ్లు పట్టేసేవి, అందరూ రక్తం అందట్లేదు అన్నారు. డాప్లర్ శుభ్రంగా ఉంది. చివరికి నడుముకి ఎంఆర్ఐ తీస్తే వెన్నులో నరాల దారి ఇరుకైందని తేలింది. తేడా ఏమిటంటే, నాకు ఊరికే నిలబడితే తగ్గేది కాదు, కూర్చోవాలి, లేదంటే ముందుకు వంగాలి. కూరగాయల బండి పట్టుకుని వంగి నడిస్తే ఎంత దూరమైనా వెళ్లేదాన్ని. మీ నాన్నగారికి నిలబడితే చాలు తగ్గుతోంది అన్నారు కాబట్టి రక్తం సంగతే అయ్యుండొచ్చు, అయినా ఆ ప్రశ్న డాక్టర్‌ని అడగండి.

గంటస్తంభం
చూశారా! చివరికి ఎంఆర్ఐతోనే బయటపడింది.

టెక్కలి_టీచర్
నడుముకి తీశారు నాయనా. కాలికి తీసుంటే ఈపాటికి నేనింకా కాళ్లకి నూనె రాసుకుంటూ ఉండేదాన్ని.

చీపురుపల్లి_వాసు
మధ్యలో దూరుతున్నా. మా అత్తకి ఒక కాలు బాగా వాచి ఉంటుంది, బరువు అంటుంది. అది కూడా రక్తం అందకపోవడమేనా? ఎంఆర్ఐ పనికొస్తుందా?

ఎక్స్‌రే_మావయ్య
ధమని మూసుకుంటే కాలు సాధారణంగా వాయదు వాసూ. చల్లగా ఉంటుంది, చర్మం పల్చబడి మెరుస్తుంది, వెంట్రుకలు రాలిపోతాయి, వేలి మీద పుండు పడితే మానదు. వాపు అంటే ముందు సిరలు చూడాలి, లేదా మన తీరంలో పాత చుట్టం బోదకాలు ఉందిగా, దానికి రాత్రిపూట రక్తపరీక్ష, కార్డు టెస్టు ఉంటాయి, పీహెచ్‌సీలో అడగండి. వాపు ఉన్నట్టుండి మొదలై పిక్క నొప్పి, వేడి ఉంటే మాత్రం సిరలో గడ్డ కట్టిందేమో అని అదే రోజు చూపించాలి.

చిన్నోడూ, నీకూ ఇందులో ఒక ముక్క ఉంది. డాప్లర్ రెండు రకాలు. సిరలకు తీసేది వీనస్, ధమనులకు తీసేది ఆర్టీరియల్. చీటీ మీద వట్టి డాప్లర్ అని ఉంటే వెరికోస్ (ఉబ్బిన సిరలు) అనుకుని వీనస్ తీసేసిన సందర్భాలు నేనే చూశాను. "రెండు కాళ్లకి ఆర్టీరియల్ డాప్లర్, ఏబీఐతో" అని రాయించుకుని వెళ్లు.

పొందూరు_చిన్నోడు
ఇది ఎవరూ చెప్పలేదు, థాంక్స్ మావయ్యా. రేపు రాయించుకుంటా.

కవిటి_కొబ్బరితోట
ఇంతమంది మాట్లాడారు, కిడ్నీ గురించి ఒక్కరూ అడగలేదేటండీ. మా ఉద్దానంలో అయితే తలనొప్పి అన్నా ముందు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంత అనే అడుగుతాం, బడికెళ్లే గుంటలకి కూడా ఆ మాట తెలుసు. చిన్నోడూ, మీ నాన్నకి షుగర్ పాతది అన్నావు, నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగుతున్నాడు అన్నావు. ఆ మాత్రలే కిడ్నీకి శత్రువులు. టెస్టు సంగతి తర్వాత, క్రియాటినిన్ ఎంతో చెప్పు.

పొందూరు_చిన్నోడు
ఫైలు తీశాను. పోయిన నెల క్రియాటినిన్ 1.9. ఇంకోటి, నాన్నకి గుండెలో స్టెంట్ ఉంది, కొన్నేళ్లయింది. స్టెంట్ ఉన్నవాళ్లని ఎంఆర్ఐలోకి పంపరు అని మా వీధిలో ఒకాయన గట్టిగా చెప్పాడు, నిజమా?

ఎక్స్‌రే_మావయ్య
గుండె స్టెంట్ అడ్డు కాదు. ఇప్పుడు వాడే స్టెంట్లతో లోపలికి పంపుతాం, కార్డు ఉంటే తెచ్చుకోమంటాం. పేస్‌మేకర్ అయితే వేరే కథ, అది ఎంఆర్ఐకి పనికొచ్చే రకమా కాదా చూసి, కార్డియాలజీ వాళ్లు సెట్టింగ్ మార్చాకే. కాల్లోనే స్టెంట్ వేసి ఉంటే ఇంకో తిరకాసు, ఆ లోహం దగ్గర బొమ్మ నల్లగా వచ్చి, రక్తం పారుతున్నా మూసుకుపోయినట్టు కనిపిస్తుంది.

మనవాళ్లకి లోపల లోహం మీద ఉన్న భయం పైన లోహం మీద ఉండదు. మొలతాడుకి వెండి తాయెత్తు, మెట్టెలు, అరిగిపోయిన పాత కడియం, అన్నీ పెట్టుకునే వచ్చేస్తారు. ఒక ముసలమ్మ మెట్టె వేలు వాచి ఎంతకీ రాలేదు. సబ్బునీళ్లు పోసి, దారం చుట్టి తీశాం. తీసినందుకు ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే మోడరేటర్ ఊరుకోడు.

కవిటి_కొబ్బరితోట
1.9 అంటే 66 ఏళ్ల మగమనిషికి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడకట్టే శక్తి లెక్క, 38 అలా వస్తుంది. ముప్పై దాటి ఉంది కాబట్టి మరీ కంగారు లేదు, కానీ ఏ స్కానింగ్ మందు ఎక్కించాలన్నా ముందు చెప్పి తీరాల్సిన నంబరు అది.

మా అమ్మది చెప్తాను. డయాలసిస్ మీద ఉంది, పలాస తీసుకెళ్తాం. కాలి బొటనవేలు నల్లబడితే విశాఖలో చూపించాం. సీటీ స్కాన్‌తో నాళాలు చూసే సీటీ యాంజియో తీశారు, అది తీస్తే పిక్కల్లో నాళాల గోడలకి కాల్షియం పేరుకుని మొత్తం తెల్లగా మెరిసిపోయింది, లోపల దారి ఉందో లేదో రేడియాలజిస్టే చెప్పలేకపోయారు. షుగర్ వాళ్లకీ కిడ్నీ వాళ్లకీ ఇదే గొడవట. ఎంఆర్‌లో కాల్షియం అడ్డురాదు, కానీ గాడోలినియం ఎక్కించాలంటే కిడ్నీ డాక్టరు భయపడ్డారు. చివరికి మందు లేకుండా ఎంఆర్ యాంజియో తీశారు, ఎక్కువసేపు పట్టింది, అమ్మకి కాలు నొప్పితో కదలకుండా ఉండటమే నరకం. కానీ దారి కనిపించింది. పిక్కలో ఒక నాళానికి బెలూన్ వేశారు. వేలు పోయింది, కాలు దక్కింది.

నాగావళి_ఇసుక
గాడోలినియం అంటే అంత భయం దేనికి? మా ఇంట్లో మెదడుకి తీసినప్పుడు ఎక్కించారు, ఏమీ కాలేదు.

ఎక్స్‌రే_మావయ్య
కిడ్నీలు బాగుంటే మూత్రంలో పోతుంది, సాధారణంగా ఏమీ కాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో, ముఖ్యంగా డయాలసిస్ వాళ్లలో, ఎన్ఎస్ఎఫ్ అని ఒక జబ్బు వచ్చింది. చర్మం చెక్కలా బిగుసుకుపోయి కీళ్లు వంగవు, నయం చేసే మందు లేదు. మొదటి కేసులు 1997లో కనిపించాయి, దీనికి గాడోలినియం కారణం అని 2006లో బయటపడింది. అప్పటి నుంచే మా గదుల్లో క్రియాటినిన్ కాగితం లేనిదే మందు ఎక్కించకపోవడం మొదలైంది. అది ఎక్కువగా గాడోడయమైడ్ లాంటి, గాడోలినియంని వదులుగా పట్టుకునే రకం మందులతో వచ్చింది. ఐరోపాలో 2017లో అలాంటివాటిని చాలావరకు ఆపేశారు. గాడోటెరేట్, గాడోబ్యూట్రాల్ లాంటి, గట్టిగా పట్టుకునే రకాల్లో ఆ ప్రమాదం చాలా చాలా తక్కువ, ఇప్పుడు అవసరమైతే కిడ్నీ పేషెంట్లకీ ఆలోచించి వాడుతున్నారు. కాబట్టి "ఎక్కించొద్దు" అని గొడవపడక్కర్లేదు, "ఏ మందు ఎక్కిస్తున్నారు" అని అడిగితే చాలు.

మందు లేకుండా తీసేదానికీ లోటు ఉంది. సన్నబడిన చోట రక్తం సుడులు తిరుగుతూ వెళ్తే సిగ్నల్ పోతుంది, సగం మూసుకున్నది పూర్తిగా మూసుకున్నట్టు కనిపించొచ్చు.

గంటస్తంభం
మందు ఎక్కిస్తే కిడ్నీ, ఎక్కించకపోతే తప్పు బొమ్మ, సీటీ తీస్తే కాల్షియం. మరి ఇవన్నీ ఎందుకు కనిపెట్టారు?

కవిటి_కొబ్బరితోట
అందుకే ఎవరికి ఏది అని డాక్టరు చెప్పాలి, బావ కాదు 😄

పాలకొండ_ఫిజిక్స్
ఇంకో సంగతి. ఇప్పటిదాకా చెప్పినవన్నీ గొట్టం తెరిచి ఉందా మూసుకుందా అనే. అసలు కండకి రక్తం ఎంత చేరుతోందో కూడా ఎంఆర్ఐతో కొలిచే పద్ధతులు ఉన్నాయి. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ అయస్కాంతం దగ్గర వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. దీన్ని 1936లోనే లైనస్ పాలింగ్, చార్లెస్ కొరియెల్ కనిపెట్టారు. తొడకి పట్టీ బిగించి కాసేపు రక్తం ఆపి, వదిలేశాక పిక్క కండలో సిగ్నల్ ఎంత త్వరగా పైకి లేస్తుందో చూస్తారు. జబ్బు ఉన్న కాల్లో నెమ్మదిగా, తక్కువగా లేస్తుంది. చదువుతుంటే భలే ఉంటుంది.

ఎక్స్‌రే_మావయ్య
నిజమే మాస్టారూ, కానీ అది పరిశోధనల్లోనే. మన పక్క ఎవరికీ రాయరు, వెళ్లి అడిగితే మా కుర్రాళ్లు తెల్లమొహం వేస్తారు.

నాగావళి_ఇసుక
మా తమ్ముడికి 34 ఏళ్లు, షుగర్ లేదు, బీపీ లేదు, బీడీలు మాత్రం కట్టలకి కట్టలు. కాలివేళ్లు నీలంగా మారి రాత్రి నిద్రపట్టేది కాదు, కాలు మంచం కిందకి వేలాడేసుకుని కూర్చునేవాడు. బర్జర్స్ అన్నారు. పిక్క కింద చిన్న నాళాలు మూసుకుపోతాయట. వాడికి యాంజియో తీశారు, తీసి చూపించింది ఏమిటంటే బైపాస్ కుట్టడానికి కింద మంచి నాళమే లేదని. సర్జన్ ఒకటే మాట, బీడీ మానితే కాలు ఉంటుంది, లేకపోతే లేదు. మానాడు. రెండు వేళ్లతో పోయింది.

టెక్కలి_టీచర్
మా అత్తగారు అడ్డపొగ తాగేవారు, నిప్పు నోట్లోపలికి పెట్టుకుని. పొగ బయటికి రాదు కదా, నాకేమీ కాదు అనేవారు.

సిరిమాను_రాజు
చిన్నోడూ, చుట్ట గురించి నాన్నతో ఎవరు మాట్లాడతారు, నువ్వా మీ బావా? బావనే పంపు, అల్లుడి మాట కాదనలేడు.

కాలినొప్పి_నివారిణి
బ్లాక్ ఎంత ఉన్నా మా మూలికా తైలం 21 రోజుల్లో కరిగిస్తుంది. టెస్టులు అవసరం లేదు. ఇన్‌బాక్స్‌లో అడగండి.

మోడరేటర్
పైన తైలం అమ్ముతున్న సభ్యుడిని తీసేశాం. పోస్టు ఉంచుతున్నాం, ఎలా ఉంటాయో అందరికీ తెలియడానికి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే ఇక్కడ రాస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి, అప్పుడు చేతిలో ఉండేది ఆరు గంటల లోపే.

పొందూరు_చిన్నోడు
రిపోర్టులు వచ్చాయి. చేతి బీపీ 150. కుడి చీలమండ 84, ఏబీఐ 0.56. ఎడమ 228, ఏబీఐ 1.52. డాప్లర్‌లో కుడి తొడ నాళం కొంతమేర మూసుకుంది, పక్క కొమ్మల ద్వారా మోకాలి దగ్గర మళ్లీ నిండుతోంది అని రాశారు. వచ్చే వారం విశాఖలో వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి. నొప్పి మాత్రలు ఆపించాను.

గంటస్తంభం
ఎడమకాలు 1.52 అంటే సూపర్ కదా, ఒకటి దాటింది. కుడికాలు ఒక్కటే చూపించుకుంటే సరి.

ఎక్స్‌రే_మావయ్య
కాదు కాదు. 1.4 దాటితే బాగున్నట్టు కాదు. షుగర్ వల్ల నాళం గోడ గట్టిపడి, పట్టీ ఎంత బిగించినా నొక్కుకోవట్లేదని అర్థం, అందుకే 228 దాకా వెళ్లింది. ఆ నంబరుని నమ్మడానికి లేదు. అలాంటప్పుడు బొటనవేలికి చిన్న పట్టీ కట్టి కొలుస్తారు, వేలి నాళాలు అంతగా గట్టిపడవు. ఆ వేలి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.7 కన్నా తక్కువ వస్తే ఎడమకాలు కూడా లెక్కలోకి వస్తుంది. విశాఖలో అడిగి చేయించు.

బొబ్బిలి_వీణ
మా అమ్మకి వేలికి కూడా చేశారు, గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి. పాదం చల్లగా ఉంటే రీడింగ్ రాదని దుప్పటి కప్పి కూర్చోబెట్టారు, ఏసీ గదిలో.

పొందూరు_చిన్నోడు
వెళ్లొచ్చాం. ఎడమ బొటనవేలు 62 వచ్చింది, అంటే 0.41. మావయ్య అన్నట్టే రెండు కాళ్లూ. సర్జన్ గారు ఇప్పుడు ఎంఆర్ యాంజియో వద్దన్నారు. పుండు లేదు, రాత్రి నొప్పి లేదు, కాబట్టి కోతా బెలూనూ ఇప్పుడు కాదు, అవి లేనప్పుడు ఆ బొమ్మతో నేనేం చేస్తాను అన్నారు. చుట్ట పూర్తిగా ఆపాలి. కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం గడ్డ కట్టకుండా క్లోపిడోగ్రెల్ రాశారు. గుండె పంపింగ్ ఎలా ఉందో ఎకో చూసి, బాగుందని, నొప్పి లేకుండా ఇంకాస్త నడవడానికి సిలోస్టజోల్ మొదలుపెట్టారు, గుండె బలహీనంగా ఉంటే అది ఇవ్వరట. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి, అలా అరగంట పైన, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలు. అప్పటికీ బతుకు కష్టంగా ఉంటే, లేదా పుండు పడితే, అప్పుడు కిడ్నీ డాక్టరుతో మాట్లాడి యాంజియో అన్నారు. రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు నేనే టార్చ్‌తో చూడాలి.

గంటస్తంభం
రెండు కాళ్లు మూసుకుంటే నడవమనడం ఏం వైద్యం అండీ. ఇంకో డాక్టర్‌కి చూపించండి.

నాగావళి_ఇసుక
నడకే వైద్యం బ్రదర్. నడిచేకొద్దీ కండ తక్కువ రక్తంతో నెట్టుకురావడం నేర్చుకుంటుంది అని మా తమ్ముడి డాక్టరు చెప్పాడు. ఇంకో డాక్టర్‌ని అడగడం తప్పేం కాదు, కానీ నాలుగు స్కాన్లు చేతిలో ఉన్నంత మాత్రాన కాలు బాగవదు.

ఎక్స్‌రే_మావయ్య
ఏ స్కాన్ తీసినా ఒకటి గుర్తుపెట్టుకో చిన్నోడూ. రిపోర్టు కాగితంతో వచ్చేయొద్దు, సీడీ అడిగి తీసుకో. సర్జన్ కాగితం చదవడు, బొమ్మలు చూస్తాడు. సీడీ లేక మళ్లీ తీయించుకున్నవాళ్లు బోలెడు మంది.

సిరిమాను_రాజు
ఈ రోజుల్లో సీడీ పెట్టే కంప్యూటర్ ఎవరి దగ్గర ఉంది మావయ్యా?

ఎక్స్‌రే_మావయ్య
పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారు. ఖాళీది పట్టుకెళ్లండి, పెళ్లి వీడియోలు ఉన్నది ఇస్తే మావాళ్లు ముట్టుకోరు.

పొందూరు_చిన్నోడు
అలాగే. నాన్న చుట్టలు పెట్టె అటక మీద పెట్టాను. ఎక్కడ పెట్టావని అప్పుడే మా అమ్మని అడుగుతున్నాడు.